నాలుగు పట్టీలూ ఒక ఉల్లిపాయా

ఆ శనివారం పొద్దున గ్లెన్ పర్విస్ పెద్ద పనేమీ పెట్టుకోలేదు. బజారు వీధి టాక్సీ స్టాండులో బండి నిలపాలి, ఎదురు దుకాణంలో వేడివేడి బేకన్ బన్ను తినాలి, ఒకటి రెండు బేరాలు చూసుకుని ఏ గొడవా లేకుండా మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. ఇందులో ‘ఏ గొడవా లేకుండా’ అన్నది వాళ్ళావిడ హేజల్ చేర్చిన మాట. గుమ్మం దాకా వచ్చి మరీ చేర్చింది.

ఆవిడ భయానికి కారణం ఉంది. చక్రాల కుర్చీ ఎక్కే బండి ఉంటేనే టాక్సీ లైసెన్సు ప్లేటు తిరిగి ఇస్తామని మా కార్ల్‌హోప్ కౌన్సిల్ ఆ ఏడు కొత్తగా నిబంధన పెట్టింది. గ్లెన్ ఇన్నాళ్ళూ నడిపిన కారు అమ్మేసి, బ్యాంకులో అప్పు చేసి, పైకప్పు ఎత్తుగా ఉన్న తెల్ల వ్యాను కొన్నాడు. కొన్న నెలలోనే తనిఖీ. కౌన్సిల్లో లైసెన్సులు చూసే మిస్ ఆల్డర్‌సన్ స్వయంగా మోకాళ్ళ మీద కూర్చుని, ర్యాంపు అంచున ఉండాల్సిన పసుప్పచ్చ టేపు ఒక మూల లేచిపోయిందని కనిపెట్టింది. ఇది మొదటి హెచ్చరిక అనీ, రెండోది వస్తే ప్లేటు వెనక్కి తీసుకుంటామనీ ఎంతో మర్యాదగా చెప్పింది. మా కౌన్సిల్ వాళ్ళు ఏది చెప్పినా మర్యాదగానే చెబుతారు, అదే భయం. ప్లేటు పోతే ఆ వ్యాను ఇంటిముందు నిలబెట్టుకున్న అప్పు తప్ప మరేమీ కాదు.

అప్పటినుంచి గ్లెన్ నిబంధనల పుస్తకం కంఠతా పట్టాడు. చక్రాల కుర్చీని నాలుగు పట్టీలతో నేలకు బిగించాలి. కూర్చున్న మనిషికి నడుం బెల్టు కట్టాలి. సామాను ఏదీ వదులుగా ఉండకూడదు. ఇవన్నీ పూర్తయ్యేదాకా మీటరు తిప్పకూడదు. ఎక్కువ డబ్బు తీసుకోకూడదు, విసుక్కోకూడదు, ప్రయాణికుణ్ణి బండిలో ఒంటరిగా వదిలిపోకూడదు. రాత్రి అన్నాల దగ్గర హేజల్ ప్రశ్నలడిగేది, గ్లెన్ బంగాళాదుంపలు నములుతూ అప్పజెప్పేవాడు.

స్టాండులో సిద్ అని ఒక పాత డ్రైవరున్నాడు. ఊళ్ళో జరిగినవీ జరగనివీ అన్నీ ఆయనకే ముందు తెలుస్తాయి. గ్లెన్ బన్ను సగం తిన్నాడో లేదో, సిద్ వచ్చి కిటికీలో తల పెట్టాడు.

"ఒరేయ్, జాగ్రత్త. కౌన్సిల్ వాళ్ళు ప్రయాణికుల వేషంలో మనుషుల్ని పంపిస్తున్నార్ట. చక్రాల కుర్చీలో వస్తారు. చేతిలో ఏదో ఒక చిత్రమైన సామాను ఉంటుంది, నువ్వు విసుక్కుంటావో లేదో చూడ్డానికి. తెగ తొందరపెడతారు. తొందరపెట్టి రూలు తప్పించాలనే వాళ్ళ ఎత్తు. ఎంత తొందరపెడితే నువ్వు అంత నింపాదిగా ఉండు."

గ్లెన్ మిగతా బన్నును కాగితంలో చుట్టి పక్కన పెట్టేలోపలే, వీధి మలుపు తిరిగి ఒక ముసలాయన చక్రాల కుర్చీని రెండు చేతులా తోసుకుంటూ వచ్చేస్తున్నాడు. నెత్తిన టోపీ, మెడలో టై, ఒడిలో తడి తువ్వాలు చుట్టిన ఒక మూట. ఆ మూట లోంచి చంటిపిల్లవాడి తలంత ఉల్లిపాయ తొంగిచూస్తోంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో మగవాళ్ళు పెళ్ళాం పుట్టినరోజు మరిచిపోతారు గానీ ఉల్లి విత్తే రోజు మరిచిపోరు. క్రిస్మస్ మర్నాడు విత్తుతారు. అప్పటినుంచి సెప్టెంబరు దాకా దానికి దుప్పటి కప్పి, దీపం పెట్టి, ఇంట్లో పిల్లలకు జ్వరమొచ్చినా అంత చూడనంతగా చూసుకుంటారు. సెప్టెంబరులో గని కార్మికుల క్లబ్బులో పోటీ. అన్నిటికన్నా బరువైన ఉల్లికి వెండి కప్పు. ఆ పోటీ ఆ రోజే. ఊళ్ళో కుక్కలకు కూడా ఆ సంగతి తెలుసు. గ్లెన్‌కూ తెలుసు. బాబాయి నార్మన్ పర్విస్ మూడేళ్ళుగా ఆ కప్పు గెలుస్తూ, ఉల్లి కబుర్లతో చుట్టాలందరి ప్రాణాలూ తోడేస్తున్నాడు కాబట్టి తెలియక చస్తుందా. అందుకే ఉల్లిపాయ కనబడగానే అతను కౌన్సిల్ తెలివిని లోలోపల మెచ్చుకున్నాడు. పోటీ రోజున ఉల్లిపాయతో వచ్చే మనిషిని ఎవరు అనుమానిస్తారు?

ముసలాయన పేరు విల్ఫ్ హెస్లప్. కొండ మీది మడుల్లో ఉల్లి పండిస్తాడు. కూతురు కారు ఆ పొద్దున మొరాయించడంతో టాక్సీ కోసం వచ్చాడు. పదకొండున్నరకల్లా ఉల్లిపాయ క్లబ్బులో బల్ల మీద ఉండాలనీ, నిమిషం దాటినా తీసుకోరనీ, బండి కాస్త త్వరగా పోనివ్వమనీ చెప్పాడు.

త్వరగా అన్న మాట వినగానే గ్లెన్ నింపాదిగా నవ్వాడు. ముందు నమస్కారం పెట్టాడు. ర్యాంపు దించి, పసుప్పచ్చ టేపు ఆయనకు కనబడేలా చేత్తో ఒకసారి తుడిచాడు. కుర్చీని లోపలికి తోసి, బ్రేకు వేసి, వేసిన బ్రేకును ఊపి చూసి, ఒక్కొక్క పట్టీ నేలకు తగిలించి బిగించడం మొదలుపెట్టాడు. బిగించినదాన్ని మళ్ళీ బిగించాడు. ఇంత కట్టుదిట్టం ఎందుకయ్యా, ఉన్న ఊళ్ళోనే కదా అని విల్ఫ్ అంటే, మీ క్షేమమే మా బాధ్యత అని పుస్తకంలో ఉన్నదున్నట్టు అప్పజెప్పాడు.

అసలు చిక్కు నడుం బెల్టు దగ్గర వచ్చింది. బెల్టు కట్టాలంటే ఉల్లిపాయ అడ్డం. దాన్ని ఇలా ఇస్తే వెనక సీటులో జాగ్రత్తగా కడతానని గ్లెన్ చేతులు చాపాడు. విల్ఫ్ మూటను గుండెకు హత్తుకున్నాడు. పై పొర చిట్లితే పోటీలోంచి తీసేస్తారు, దీన్ని ఎవరి చేతికీ ఇవ్వనన్నాడు. అప్పుడే ఆయన చూపు గ్లెన్ మెడలో వేలాడుతున్న బ్యాడ్జీ మీద పడింది.

"పర్విస్. నార్మన్ పర్విస్ నీకేమవుతాడు?"

"మా బాబాయండి" అన్నాడు గ్లెన్. కౌన్సిల్ వాళ్ళకు తన ఇంటి వివరాలు కూడా తెలుసన్నమాట అనుకున్నాడు.

విల్ఫ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నార్మన్‌కూ ఆయనకూ ఇరవై ఏళ్ళ వైరం. ఒకరి పేరు ఒకరు నోటితో పలకరు. నార్మన్ ఇంట్లో విల్ఫ్‌ను ‘ఆ కొండవాడు’ అంటారు తప్ప మరో పేరు గ్లెన్ ఏనాడూ వినలేదు. ఇప్పుడా కొండవాడు నార్మన్ కొడుకు వరస అయినవాడి బండిలో, నాలుగు పట్టీలతో నేలకు కట్టేసి ఉన్నాడు. ఆ పర్విస్ ఉల్లిపాయ ఇమ్మని చేతులు చాపుతున్నాడు.

పది పౌండ్లు ఎక్కువిస్తాను, బెల్టు సంగతి వదిలేసి పోనీ అన్నాడు విల్ఫ్. అప్పటిదాకా గ్లెన్‌కు ఏ మూలైనా కొంచెం అనుమానముంటే అది ఆ మాటతో తీరిపోయింది. ఎంత పచ్చి లంచం! ఎక్కువ డబ్బు తీసుకోవడం నిబంధనలకు విరుద్ధమని గట్టిగా, స్పష్టంగా చెప్పి, ఉల్లిపాయ కిందనుంచి బెల్టు దూర్చి, ఆయన తుంటి చుట్టూ తిప్పి, క్లిప్పు పడ్డాక చప్పుడు విని సంతోషించి, అప్పుడు మీటరు తిప్పాడు.

వ్యాను బయలుదేరింది. దాన్ని బయలుదేరడం అని ఎవరైనా అంటే. గుంతలో పడితే ప్రయాణికుడికి కుదుపు తగలకూడదు కాబట్టి గుంతలు లేనిచోట కూడా గుంతలున్నట్టే నడిపాడు. రోడ్డు దాటుదామా వద్దా అని ఆలోచిస్తున్న ముసలావిడ కోసం ఆగాడు. ఆవిడ దాటకుండా ఇంటికెళ్ళిపోయాక మళ్ళీ కదిలాడు. వెనకనుంచి విల్ఫ్ త్వరగా, త్వరగా అంటున్న కొద్దీ వేగం తగ్గింది. చిన్నపిల్లలు నడుచుకుంటూ వ్యానును దాటిపోయారు.

ఇంతలో ఫోను మోగింది. నడిపేటప్పుడు ఫోను ముట్టకూడదు గనక దానంతటదే కలిసి, బండంతా వినబడేలా గ్లెన్ ముందే పెట్టుకున్నాడు. నార్మన్ గొంతు వ్యాను నిండా మోగింది.

"ఒరే గ్లెన్, క్లబ్బులో ఉన్నాను. నా ఉల్లి బల్ల మీద పెట్టేశా. ఆ కొండవాడు ఇంకా రాలేదురా. ఇంకో పావుగంట ఎక్కడైనా ఇరుక్కుంటే చాలు, కప్పు మనదే."

"సరే బాబాయ్, ఆ పనిమీదే ఉన్నాను, మళ్ళీ మాట్లాడతా" అన్నాడు గ్లెన్. అతని ఉద్దేశం టాక్సీ పని మీద ఉన్నానని. విల్ఫ్ అలా అనుకోవడానికి ఏ దారీ లేదు.

విల్ఫ్ తన ఫోను తీసి క్లబ్బు సెక్రటరీకి కలిపాడు. గొంతు తగ్గించి, పర్విస్‌లు నన్ను బండిలో కట్టేశారు, ఉల్లిపాయ లాక్కోవాలని చూశారు, బజారు వీధిలోనే ఉన్నాం అని చెప్పాడు. గ్లెన్‌కు ‘కట్టేశారు’ అన్న మాట ఒక్కటే చెవినబడింది. ఆహా, కౌన్సిల్‌కు నివేదిక వెళుతోంది అనుకున్నాడు. ఇలాంటి సమయంలో మొహమాటపడితే నష్టం తనకే. అటువైపు వాళ్ళకు కూడా వినబడాలని వెనక్కి తిరక్కుండానే గొంతెత్తి, నాలుగు పట్టీలూ బిగించానండీ, నడుం బెల్టు కూడా కట్టాను, ఆయన ఇక ఎటూ కదల్లేరు అని చెప్పాడు.

క్లబ్బులో ఈ మాటలు విన్న సెక్రటరీ చేతిలోంచి టీ కప్పు జారిపోయింది.

అందుకే పదకొండుంబావు దాటాక వ్యాను క్లబ్బు ముందు ఆగేసరికి అక్కడ ఇరవై మంది నిలబడి ఉన్నారు. కొందరి చేతుల్లో గడ్డపారలున్నాయి. అవి మడుల దగ్గరనుంచి తిన్నగా తెచ్చుకున్నవే, వాటితో ఏం చేయాలో వాళ్ళకీ తెలియదు. మా ఊరివాళ్ళు కోపమొచ్చినా ముందుగా ఒక వరస కట్టి నిలబడతారు. తన వంతు రాకుండా ఎవరూ ఏమీ అనరు. కౌన్సిల్ ఇంతమందిని పంపిందా అని గ్లెన్ మురిసిపోయి, దిగి అందరికీ నమస్కారం పెట్టి, ర్యాంపు దించాడు.

బెల్టు వచ్చింది. మూడు పట్టీలు వచ్చాయి. నాలుగోది రాలేదు. బిగించినదాన్ని బిగించి, మళ్ళీ బిగించినందుకు దాని బకిలు బిగుసుకుపోయింది. గ్లెన్ లాగాడు, కొట్టాడు, బతిమాలాడు. కుర్చీ అంగుళం కదల్లేదు. లోపల హాల్లోంచి ఎవరో ఇంకా నాలుగు నిమిషాలే ఉందని కేకేశారు.

అప్పుడు విల్ఫ్ అరవడం మానేశాడు. తిట్టడమూ మానేశాడు. మూట వైపు చూస్తూ మామూలు గొంతుతో మాట్లాడాడు.

"దీన్ని మా ఎడ్నా విత్తింది. క్రిస్మస్ మర్నాడు చేతులు వణుకుతున్నా నన్ను ముట్టుకోనివ్వలేదు. జనవరిలో పోయింది. ఈ ఏడు గెలుస్తాం చూడు అంది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా గెలవలేదబ్బాయ్ మేము."

ఆయన కళ్ళు తుడుచుకోవడానికి కూడా చేతులు ఉల్లిపాయను వదల్లేదు. గ్లెన్ ఆ మొహంలోకి చూశాడు. కౌన్సిల్ వాళ్ళు ఎంత గొప్పగా నటించినా అలా ఏడవలేరు. ఈ మనిషి ఎవరి తరఫునా రాలేదు. పొద్దున్నుంచీ ఈయన అడిగింది ఒకటే, త్వరగా తీసుకెళ్ళమని. గ్లెన్‌కు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

"ఇటివ్వండి. నేను పరిగెత్తుతాను" అన్నాడు.

"నువ్వు పర్విస్‌వి."

"అవునండీ. ఎంత పర్విస్‌నైనా మీరు ఎక్కింది నా బండి. దింపాల్సిన చోట దింపకపోతే నేనేం డ్రైవర్ని?"

విల్ఫ్ గుమ్మం వైపు చూశాడు, మూట వైపు చూశాడు, గ్లెన్ చేతుల వైపు చూశాడు. పడేశావంటే చచ్చిపోయాక కూడా వచ్చి నీ బండే ఎక్కుతానని చెప్పి మూట అందించాడు.

గ్లెన్ పరిగెత్తాడు. బండి ఇంజను ఆపలేదు, ర్యాంపు ఎత్తలేదు, బండి ఆపకూడదని రోడ్డు పక్క గీసిన రెండు పసుప్పచ్చ గీతల మీద నిలిపానన్న సంగతి గుర్తే రాలేదు. ఉల్లిపాయను చంటిపిల్లలా ఎత్తుకుని వస్తున్న టాక్సీ డ్రైవరుకు గడ్డపారలవాళ్ళు పక్కకు తప్పుకుని దారిచ్చారు. హాల్లో పోటీ నిర్వాహకుడు గడువు అయిందని గంట కొట్టడానికి చెయ్యెత్తేసరికి తువ్వాలు విప్పి, ఉల్లిపాయను బల్ల మీద పెట్టాడు. పై పొర మీద గీత కూడా పడలేదు. గంట మోగింది.

ఊపిరి తీసుకుని తలెత్తాడు. బల్లకు అవతల, ఊలు స్వెట్టరు వేసుకుని, తన ఉల్లిపాయ పక్కన తన పేరు చీటీ సర్దుకుంటూ మిస్ ఆల్డర్‌సన్ నిలబడి ఉంది.

ఆవిడ అతని బ్యాడ్జీ చూసింది. తర్వాత ఉల్లిపాయను చూసింది. చాలాసేపు చూసింది.

"మిస్టర్ పర్విస్, దీని తాలూకు ప్రయాణికుడు ఎక్కడున్నారు?" అని మర్యాదగా అడిగింది.

"బండిలోనండి."

"ఒంటరిగానా?"

హేజల్‌కు ఏ మొహంతో చెప్పాలా అన్న ఆలోచన తప్ప గ్లెన్ బుర్రలో ఇంకేమీ లేదు. ఆవిడ స్వెట్టరు చేతులు పైకి లాక్కుని బయటికి నడిచింది. ఉరికంబానికి వెళ్ళేవాడిలా గ్లెన్ ఆవిడ వెనక నడిచాడు.

వ్యాను దగ్గర గడ్డపారలవాళ్ళంతా లోపలికి తొంగిచూస్తున్నారు. లోపల మడత సీటులో నార్మన్ కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మధ్య విల్ఫ్ కుర్చీ పట్టీ, దాన్ని ఊడదీయడానికి చేతిలో పెన్సిలు చెక్కుకునే చాకు. కొండవాడు బండిలో కట్టేసి ఉన్నాడని ఎవరో చెబితే, ఈ వినోదం కళ్ళారా చూడాలని వచ్చాడు. ర్యాంపెక్కి, నీకు తగిన శాస్తే అయిందోయ్ అన్నాడు. మీ ఇంటి డ్రైవరు ముడి వేస్తే ఇంతే, మీ ఉల్లిపాయల్లాగే అని విల్ఫ్ అన్నాడు. నా ఉల్లిపాయలకేమయిందని నార్మన్ కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళుగా దాచుకున్న మాటలు కదా, మసి వేయాలా గొర్రెల ఎరువు వేయాలా అన్న దగ్గర మొదలై, చన్నీళ్ళా గోరువెచ్చనివా అన్న దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ గంట మోగిన సంగతి కూడా వినలేదు.

మిస్ ఆల్డర్‌సన్ తల లోపలికి పెట్టి, ప్రయాణికుణ్ణి డ్రైవరు ఒంటరిగా వదిలి వెళ్ళాడా అని అడిగింది.

"ఒంటరేమిటి, నేను పక్కనే లేనూ?" అని నార్మన్ ఒంటికాలి మీద లేచాడు. "మావాడు అలా వదిలిపోయే రకం కాదు. రూలంటే ప్రాణమిస్తాడు. కావాలంటే ఈయన్నే అడగండి."

విల్ఫ్‌ను అడిగారు. ఇంత గట్టిగా తనను జన్మలో ఎవరూ పట్టుకోలేదని ఆయన సాక్ష్యం చెప్పాడు. మిస్ ఆల్డర్‌సన్ వంగి, బకిలును ముందు లోపలికి నొక్కి, తర్వాత పైకి ఎత్తింది. పట్టీ ఊడి వచ్చింది. ర్యాంపు టేపు మూలలు నాలుగూ వేలితో తడిమి చూసింది. బండి నిలిపిన చోటు సంగతి పోలీసులు చూసుకోవాల్సిందనీ, లైసెన్సుల వాళ్ళకు సంబంధం లేదనీ చెప్పింది. కౌన్సిల్ మారువేషాల్లో మనుషుల్ని పంపుతుందా అని గ్లెన్ ధైర్యం చేసి అడిగితే, తమ దగ్గర ఫోనులెత్తడానికే మనుషులు లేరంది.

నార్మన్‌కు అప్పటికి గానీ గ్లెన్ ఖాళీ చేతులు కనబడలేదు.

"ఒరే, ఇందాక లోపలికి ఏం పట్టుకెళ్ళావురా?" అన్నాడు.

గ్లెన్ చెప్పాడు. నార్మన్ మడత సీటులో మళ్ళీ కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం ఎడ్నా విత్తిన ఉల్లికి వెండి కప్పు వచ్చింది. రెండో స్థానం నార్మన్‌ది. మిస్ ఆల్డర్‌సన్‌ది మూడోది. ఆవిడ విల్ఫ్‌కు చేయి కలిపి, గ్లెన్‌కు కూడా చేయి కలిపి, మీరు దారిలో ఇంకో నాలుగు నిమిషాలు జాగ్రత్తగా నడిపి ఉంటే బాగుండేదని ఎంతో మర్యాదగా అంది. ప్లేటు గురించి మాట రాలేదు. గ్లెన్ బయటికి వచ్చి హేజల్‌కు ఫోను చేసి, ఏ గొడవా జరగలేదని చెప్పాడు. సగం బన్ను చల్లారిపోయి ఉంది, అదే తిన్నాడు. ఎన్నడూ లేనంత రుచిగా ఉంది.

సాయంత్రం నార్మన్‌కు దుఃఖం కొద్దీ బీరు కాస్త ఎక్కువైంది. సొంత కారు నడిపే స్థితిలో లేడు. అతన్ని కూడా మన బండిలోనే దింపేయమని విల్ఫ్ పెద్ద మనసు చేసుకుని చెప్పాడు. గ్లెన్ పట్టీలు కట్టాడు, ఈసారి ఒక్కసారే బిగించాడు. విల్ఫ్ ఒడిలో కప్పు దీపాల వెలుగుకు మెరుస్తోంది. ఎదురుగా మడత సీటులో నార్మన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

తనకేమీ తొందర లేదని విల్ఫ్ చెప్పాడు. బజారు వీధి మీదుగా, చర్చి చుట్టూ తిరిగి, నార్మన్ ఇంటి సందులోంచి, వీలైతే మరోసారి బజారు వీధిలోంచి, నెమ్మదిగా అద్దాలు దించుకుని పోదామన్నాడు.

"దగ్గరి దారిలోనే తీసుకెళ్ళాలని రూలుంది కదరా" అన్నాడు నార్మన్ నీరసంగా.

ఉంది. ప్రయాణికుడు కోరితే తప్ప అన్న ముక్క కూడా అందులోనే ఉంది.